అప్‌డేట్: వారపు సరుకుల ఖర్చు, చిట్టా రాశాక తేలింది

హైదరాబాదులో నలుగురున్న మా ఇంట్లో వారపు సరుకులకు 3,200 రూపాయలు దాటుతోందని, ఇది అన్ని ఇళ్లలోనూ ఉన్నదేనా అని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ముందు చిట్టా రాయమని చాలామంది అన్నారు, రాశాను.

నేను నింద మోపిన బియ్యానికి పెద్దగా పాపం లేదు. 25 కిలోల వరకు లేబుల్ వేసి అమ్మే సంచులపై 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది కనుక మేము తెచ్చేది ఎలాగూ 26 కిలోల బస్తానే. నూనె మాట వేరు: 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెలపై మౌలిక దిగుమతి సుంకాన్ని కేంద్రం 20 శాతానికి పెంచినప్పుడు మా దుకాణంలో ఎక్కిన ధర, 2025 మే నెలాఖరున దాన్ని 10 శాతానికి దించినా పూర్తిగా దిగలేదు.

అసలు చిల్లు ఫోనులో చేసే ఆర్డర్లది. పది రూపాయల కొత్తిమీర కట్ట కోసం మొదలుపెట్టి, డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి చిప్స్, బిస్కెట్లు చేర్చి, 240 రూపాయల బిల్లు కట్టిన రోజులు ఒక్క నెలలోనే తొమ్మిది. ఇది రాస్తుంటే నాకే సిగ్గేసింది.

ఇప్పుడు ఆదివారం ఉదయం అత్తయ్యగారితో కలిసి మెహిదీపట్నం రైతుబజారుకు వెళ్లి, బోర్డు మీది ధరలు చూసుకుని వారానికి సరిపడా కూరగాయలు తెస్తున్నాను. గత నాలుగు వారాల సగటు 2,650 రూపాయలు. గురువారానికల్లా తోటకూర వాడిపోవడం మాత్రం ఇంకా తప్పడం లేదు.