మిక్సింగ్‌కు సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఈక్వలైజర్ చాలునా, బయటి ప్లగిన్ కొనవలసిందేనా?

ప్రశ్న

నేను రెండేళ్లుగా నా పాటలను నేనే మిక్స్ చేసుకుంటున్నాను. వాడేది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. అందులో ఉన్న రియాఈక్యూ అనే ఈక్వలైజర్‌తోనే (ఫ్రీక్వెన్సీలను విడివిడిగా పెంచి తగ్గించే పరికరం) ఇంతవరకు పని నడిచింది. ఈమధ్య నా మిక్స్ విన్న ఒక మిత్రుడు గాత్రం అక్కడక్కడా చెవికి గుచ్చుకుంటోందని చెప్పి, దానికి కారణం నా ఈక్వలైజరేనని, ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ వంటి, విడిగా కొని సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే ప్లగిన్ లేకుండా మంచి మిక్స్ రాదని తేల్చేశారు. ఈ మాట నమ్మి డబ్బు పెట్టే ముందు తెలిసినవారిని అడగాలనుకున్నాను. ఒకే ఫ్రీక్వెన్సీ వద్ద ఒకే మేరకు తగ్గించినప్పుడు ఈ రెండింటి శబ్దంలో నిజంగా తేడా ఉంటుందా?

సమాధానం 1

మీరు అడిగిన ప్రశ్న వరకే చెప్పాలంటే, తేడా ఉండదు. ఫ్రీక్వెన్సీని, పెంపు తగ్గింపులను, వెడల్పును వేటికవి విడిగా మార్చుకోగల పారామెట్రిక్ ఈక్వలైజర్‌ను జార్జ్ మాసెన్‌బర్గ్ 1972లోనే ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. దాన్ని కంప్యూటర్‌లో అమలు చేయడానికి కావలసిన సూత్రాలను రాబర్ట్ బ్రిస్టో-జాన్సన్ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. అంటే మామూలు బెల్ ఫిల్టర్‌లో (ఒక ఫ్రీక్వెన్సీ చుట్టూ గంట ఆకారంలో పెంచే, తగ్గించే ఫిల్టర్) ఏ సంస్థా దాచుకోగలిగిన రహస్యం లేదు. పైగా ఇవి సాధారణంగా మినిమం ఫేజ్ ఫిల్టర్లు. వీటిలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది తెలిస్తే ఫేజ్, అంటే ఆ తరంగం కాలంలో జరిగే మేర, ఎలా మారుతుందన్నది కూడా దానితోనే నిర్ణయమైపోతుంది. కాబట్టి రెండు ప్లగిన్లు ఒకే వక్రరేఖను (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పెరిగిందో, తగ్గిందో చూపే గీతను) ఇస్తున్నాయంటే ఒకే శబ్దాన్ని ఇస్తున్నట్టే.

దీన్ని నా మాట మీద నమ్మనవసరం లేదు, మీరే నల్ టెస్ట్ చేసి చూడండి. గాత్రం ట్రాకును రెండు ప్రతులుగా చేసి, ఒకదాని మీద రియాఈక్యూను, రెండవదాని మీద ప్రో-క్యూ ట్రయల్ ప్రతిని పెట్టి, ఒక ట్రాకు పొలారిటీని (తరంగపు హెచ్చుతగ్గుల దిశను) తిరగేసి రెండింటినీ కలిపి వినండి. రెండూ సమానమైతే నిశ్శబ్దమే మిగులుతుంది. ప్రో-క్యూను జీరో లేటెన్సీ (శబ్దాన్ని ఆలస్యం చేయని) మోడ్‌లో ఉంచడం మరవకండి. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. రియాఈక్యూ వెడల్పును ఆక్టేవులలో చూపిస్తుంది, ప్రో-క్యూ మాత్రం క్యూ అనే విలువగా (అది పెరిగితే వెడల్పు తగ్గుతుంది) చూపిస్తుంది. ఒక ఆక్టేవు వెడల్పు సుమారు 1.41 క్యూకు సమానమని లెక్క ఉన్నా, పెంపుతో పాటు వెడల్పును ఎలా లెక్కించాలన్నది ప్లగిన్‌ను బట్టి మారుతుంది. అందుచేత అంకెలను కాక వక్రరేఖలను సరిపోల్చాలి. "ఈ ఈక్యూ వెచ్చగా ఉంది, ఆ ఈక్యూ పొడిగా ఉంది" అనే వాదనలలో చాలా భాగం అంకెలను సరిపోల్చి వక్రరేఖలను వదిలేయడం వల్లే పుడుతున్నాయని నా గట్టి నమ్మకం.

సమాధానం 2

పై సభ్యులు చెప్పినది మధ్యస్థాయి ఫ్రీక్వెన్సీల వరకు నిజం. పైస్థాయిలో పరిస్థితి వేరు. 44.1 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటు (సెకనుకు తీసుకునే నమూనాల సంఖ్య) వద్ద రికార్డు చేసిన శబ్దానికి నైక్విస్ట్ హద్దు, అంటే అందులో ఉండగల అత్యధిక ఫ్రీక్వెన్సీ, అందులో సగం, 22.05 కిలోహెర్ట్జ్. అనలాగ్ ఫిల్టర్‌ను డిజిటల్‌గా మార్చే బైలీనియర్ పద్ధతిలో తయారైన ఫిల్టర్ వక్రరేఖ ఆ హద్దు వద్ద సున్నా పెంపుకు చేరవలసిందే కనుక, 16 కిలోహెర్ట్జ్ వద్ద 6 డెసిబెల్స్ పెంచితే ఆ రేఖ కుడివైపున నొక్కేసినట్టు ఇరుకవుతుంది. అనలాగ్ పరికరంలో ఇలా జరగదు. ఈ లోపాన్ని సరిదిద్దే పద్ధతిని సోఫోక్లెస్ ఒర్ఫానిడిస్ 1997లో ప్రచురించారు. ఆ శ్రద్ధ తీసుకున్న ప్లగిన్లూ ఉన్నాయి, తీసుకోనివీ ఉన్నాయి. సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు) మీదా, గాత్రంలోని ఊపిరి మీదా పనిచేసేవారికి ఈ తేడా వినబడుతుంది.

రెండవ విషయం, ఈక్వలైజర్లన్నీ శుభ్రమైన బెల్ ఫిల్టర్లు కావు. 1950ల నాటి పల్టెక్ ఈక్యూపీ-1 అనే అనలాగ్ పరికరాన్నే తీసుకోండి. అందులో ఒకే అడుగుస్థాయి ఫ్రీక్వెన్సీని ఏకకాలంలో పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు. ఆ రెండు వక్రరేఖలు పూర్తిగా ఒకదానిపై ఒకటి పడవు కాబట్టి అడుగున నిండుదనం, దానికి కాస్త పైన చిన్న గుంట ఏర్పడతాయి. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు హార్మోనిక్స్‌ను (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతలు వంటివి) కూడా చేరుస్తాయి. వాటిని అనుకరించే ప్లగిన్‌ను మామూలు ఈక్యూతో నల్ చేయలేరు. "తేడా ఉండదు" అని ఒక్క మాటలో చెబితే కొత్తవారు తప్పుదారి పడతారు.

సమాధానం 1 ఇచ్చినవారి స్పందన

నైక్విస్ట్ విషయం నేను ప్రస్తావించవలసింది. ఆ తప్పును ఒప్పుకుంటున్నాను. అయితే మీరు చెప్పిన రెండు కారణాలూ ఒక ఈక్యూ ఏ రకానిదో చెబుతున్నాయి తప్ప, అది ఎవరి నుంచి వచ్చిందో చెప్పడం లేదు. ఏబుల్‌టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఈక్యూ ఎయిట్‌లో ఓవర్‌శాంప్లింగ్ (లోపల శాంపుల్ రేటును పెంచి లెక్కించే) సదుపాయం సాఫ్ట్‌వేర్‌తోనే వస్తుంది. యాపిల్ వారి లాజిక్‌లో 2018 నుంచి వింటేజ్ ఈక్యూలు మూడు ఉన్నాయి. వాటిలో ఒకటి వాల్వు రకానిది. అదే లాజిక్‌లో లీనియర్ ఫేజ్ (ఫేజ్‌ను చెదరగొట్టని) ఈక్యూ కూడా ఎప్పటి నుంచో ఉంది. మరోవైపు, డబ్బు పెట్టి కొన్న బయటి ప్లగిన్ కూడా పైస్థాయిలో ఇరుకైన వక్రరేఖనే ఇవ్వవచ్చు. ప్రశ్న అడిగినవారు "స్టాకా (సాఫ్ట్‌వేర్‌తో వచ్చినదా), బయటిదా" అనే గీతను చెరిపేసి "నాకు ఏ పని కావాలి" అన్న దగ్గర మొదలుపెట్టాలని నా వాదన. 96 కిలోహెర్ట్జ్‌లో పనిచేసేవారికైతే హద్దు 48 కిలోహెర్ట్జ్‌కు జరిగిపోతుంది కాబట్టి, వినబడే పరిధిలో ఆ ఇరుకుతనం సమస్యే కాదు.

సమాధానం 3

ఇంతవరకు అందరూ శబ్దం గురించే మాట్లాడారు. నాకు ఇబ్బంది ఎదురైనది మరో చోట. కొన్నేళ్ల క్రితం మిక్స్ చేసిన ఒక పాటను మళ్లీ తెరవవలసి వచ్చినప్పుడు, అందులో పదిహేను ట్రాకుల మీద వాడిన బయటి ఈక్యూ కొత్త కంప్యూటర్‌లో పనిచేయలేదు. అది 32 బిట్ ప్లగిన్. మ్యాక్ ఓఎస్ 2019లో కాటలినాతో 32 బిట్ ప్రోగ్రాములకు పూర్తిగా స్వస్తి చెప్పింది. నా సెట్టింగులు ఎక్కడా రాసుకోలేదు కాబట్టి, పాత మిక్స్‌ను పదేపదే వింటూ మూడు రోజులు కూర్చుని ఈక్యూ అంతా మళ్లీ కట్టవలసి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఈక్యూ ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటే కొత్త రూపాలకు మారుతూ వస్తుంది. పాత సెషన్లు తెరుచుకోవాలన్న బాధ్యత దాన్ని తయారుచేసేవారికి ఉంటుంది.

దీనికి ఎదురు వాదన కూడా నేనే చెప్పాలి. మీరు రీపర్‌లో, మీ సహచరుడు క్యూబేస్‌లో పనిచేస్తుంటే, ఇద్దరి దగ్గరా ఉన్న బయటి ప్లగిన్ సెట్టింగులను ప్రీసెట్‌గా పంపుకోవచ్చు. లాజిక్‌లోని ఛానెల్ ఈక్యూ రీపర్‌లోకో, క్యూబేస్‌లోకో రాదు. ఇప్పుడు నేను ఏ ఈక్యూ వాడినా, పాట పూర్తయిన రోజే ప్రతి ట్రాకును ఈక్యూతో సహా ఆడియోగా ఎగుమతి చేసి దాచుకుంటున్నాను.

సమాధానం 4

అడిగినవారి అసలు బాధ గాత్రం అక్కడక్కడా గుచ్చుకోవడం. చర్చ దానికి దూరమైంది. "అక్కడక్కడా" అన్న మాటను గమనించండి. గాయకుడు గొంతు పెంచిన చోట మాత్రమే 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల శక్తి పెరిగి చెవికి తగులుతుంది. మామూలు ఈక్యూతో అక్కడ 4 డెసిబెల్స్ తగ్గిస్తే గుచ్చుకోవడం పోతుంది, కానీ మెల్లగా పాడిన చరణంలో మాటల స్పష్టత కూడా దానితో పాటే పోతుంది. ఇక్కడ కావలసినది డైనమిక్ ఈక్యూ. శబ్దం ఒక స్థాయి దాటినప్పుడే ఆ బ్యాండు తగ్గి, తరువాత తన చోటికి తిరిగి వస్తుంది. రియాఈక్యూలో ఈ సదుపాయం లేదు. ప్రో-క్యూలో ఉంది. టోక్యో డాన్ ల్యాబ్స్ వారి నోవాలో కూడా ఉంది, అది ఉచితం. రీపర్‌లోనే ఉన్న రియాఎక్స్‌కాంప్ అనే మల్టీబ్యాండ్ కంప్రెసర్‌తో (ఫ్రీక్వెన్సీ భాగాల స్థాయిని విడివిడిగా అదుపుచేసేది) కూడా దాదాపు ఈ పని చేయవచ్చు, కాకపోతే ఓపిక కావాలి.

ఏది ప్రయత్నించినా, ఈక్యూ వేసిన ముందూ తరువాతా శబ్దస్థాయిని సమానం చేసుకుని, కళ్లు మూసుకుని బైపాస్ (ఈక్యూను తాత్కాలికంగా ఆపే మీట) నొక్కి వినండి. ఒక్క డెసిబెల్ ఎక్కువైనా చెవి దాన్నే బాగుందంటుంది. బయటి ప్లగిన్లలో అందంగా కదిలే స్పెక్ట్రమ్ అనలైజర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. తెర మీద ఒక శిఖరం కనబడగానే దాన్ని కోయాలనిపిస్తుంది. ఆ శిఖరం చాలాసార్లు ఆ గొంతుకు గుర్తింపునిచ్చేదే అయి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

నిన్న రాత్రి నల్ టెస్ట్ చేశాను. మొదటిసారి 3 కిలోహెర్ట్జ్ వద్ద రెండింటిలోనూ అవే అంకెలు పెట్టినప్పుడు పలుచగా శబ్దం మిగిలింది. ఒక్క క్షణం మిత్రుడి మాటే నిజమేమో అనిపించింది. వెడల్పును కొద్దికొద్దిగా జరుపుతూ వక్రరేఖలను సరిపోల్చాక ఆ మిగులు వినబడకుండా పోయింది. ఆ తరువాత గాత్రం మీద నోవా పెట్టి, పల్లవిలో గొంతు పెంచిన చోట మాత్రమే పనిచేసేలా థ్రెషోల్డ్‌ను (తగ్గింపు మొదలయ్యే శబ్దస్థాయిని) సరిచేశాను. చరణం మునుపటిలాగే స్పష్టంగా ఉంది, పల్లవి చెవికి తగలడం లేదు. మిగతా ట్రాకులన్నిటి మీదా రియాఈక్యూనే ఉంచుతున్నాను.

ఒక సందేహం మిగిలింది. థ్రెషోల్డ్ దాటిన ప్రతిసారీ తగ్గింపు ఎంత త్వరగా మొదలవ్వాలి, ఎంత నెమ్మదిగా వదలాలి? వేగంగా వదిలితే మాట చివర శబ్దం వణికినట్టు ఉంది, నెమ్మదిగా వదిలితే తరువాతి మాట మొదలు మసకబారుతోంది. సమాధానం 4 ఇచ్చినవారు దీని గురించి కొంచెం వివరించగలరా?