అప్‌డేట్: అధికారి ఆస్తుల ప్రకటన అడిగితే ఏమైందంటే

తిరుపతిలో మా స్థలం ఫైలు చూస్తున్న అధికారి ఏటా ఇచ్చే ఆస్తుల ప్రకటన నకలు సమాచార హక్కు కింద దొరుకుతుందా అని ఇక్కడ అడిగాను కదా. దరఖాస్తు పెట్టాను, దొరకలేదు. వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదనే సెక్షన్ 8(1)(జె) చూపి ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఒక ఉద్యోగి ఆస్తుల వివరాలు అడిగిన గిరీష్ దేశ్‌పాండే కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే: విస్తృత ప్రజాప్రయోజనం చూపితే తప్ప ఇవ్వనవసరం లేదు. ఆ అధికారి ఆస్తుల మీద నా అనుమానం ప్రజాప్రయోజనం లెక్కలోకి రాదట.

1964 నాటి రాష్ట్ర ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగులు ఏటా జనవరి 15లోగా ఈ ప్రకటన ఇవ్వాలి. ఇచ్చాక అది బీరువాలోకి వెళ్తుంది. ఐఏఎస్ అధికారుల స్థిరాస్తుల వివరాలను మాత్రం కేంద్రం వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఎన్నికల అభ్యర్థులు ఆస్తులు చెప్పే ఫారం 26 అఫిడవిట్లనూ అందరూ చూడొచ్చు, భార్య నగల తూకంతో సహా. కలెక్టరుది తెలుస్తుంది, ఎమ్మెల్యేది తెలుస్తుంది, నా ఫైలు మీద సంతకం పెట్టాల్సిన మనిషిది తెలియదు!

మీలో ఒకరు సూచించినట్టు కొత్త దరఖాస్తులో ఆస్తుల జోలికి పోలేదు. ప్రకటన ఇచ్చారా, ఏ తేదీన ఇచ్చారు అని మాత్రమే అడిగాను. పాత తిరస్కరణ మీద మొదటి అప్పీలు కూడా 30 రోజుల గడువులోనే వేశాను. జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.