డిప్రెషన్‌లో ఉన్న మనిషిని చూసుకుంటూ ఉద్యోగం, ఖర్చులు ఎలా నెట్టుకొస్తున్నారు?

మాది హైదరాబాద్. మా ఆయన డిప్రెషన్‌తో ఉద్యోగం మానేశారు, ఇప్పుడు ఇల్లంతా నా ఒక్క జీతం మీదే నడుస్తోంది. పొద్దున టిఫిన్ పెట్టి, మాత్ర చేతికిచ్చి, మింగారని చూసుకున్నాకే ఆఫీసుకు బయల్దేరతాను, మధ్యాహ్నం ఆయన ఫోన్ ఎత్తకపోతే ఇక పని మీద మనసు నిలవదు. సాయంత్రం వచ్చేసరికి క్యారేజీలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. మా అత్తగారేమో బద్ధకం అంటారు, జబ్బేనని ఎంత చెప్పినా వినరు.

డాక్టరు ఫీజు, మందులు, కౌన్సెలింగ్ పోను అద్దెకే కటకటగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మిగతా జబ్బుల్లాగే దీనికీ ఇన్సూరెన్స్ ఇవ్వాలి, కానీ మా పాలసీలో ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తారట, ఓపీ ఖర్చు రాదు. జబ్బు బయటపడ్డాక కూడా ఓపీ కవరయ్యే పాలసీ ఎవరికైనా దొరికిందా? ప్రైవేటు నుంచి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు మారినవాళ్లు ఉంటే చెప్పండి, పాత మందులే కొనసాగించారా, ప్రతిసారీ పేషెంటును తీసుకెళ్లాలా? నాకు సెలవులు అయిపోయాయి, అందుకే అడుగుతున్నా. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు దగ్గర పెట్టుకున్నాను, ఇంట్లోవాళ్లు కూడా వాళ్లతో మాట్లాడొచ్చట, అలా మాట్లాడినవాళ్లు ఉన్నారా? అన్నిటికంటే ముఖ్యం, పగలు మీరు ఆఫీసులో ఉంటే ఇంట్లో ఎవరిని తోడు ఉంచుతున్నారు?