పసిపిల్లల బట్టలు ఇంట్లో కుట్టడం శ్రమకు తగిన పనేనా?

దారపుండ:
ఇంట్లో కుట్టు మిషన్ ఉంది. తిన్నగా కుట్టడం, అంచు మడిచి కుట్టడం, దిండు గలీబులు, ఇంతవరకు వచ్చు. పాపకి ఏడాదిన్నర. ఇక బట్టలు కుట్టడం నేర్చుకుందామని కూర్చుంటే ఇంట్లో రెండు మాటలు. అక్క "పిల్లల గౌను మూణ్ణెల్లకి పొట్టైపోతుంది, దానికోసం ఒళ్ళు హూనం చేసుకోవడం ఎందుకు? నీకు నువ్వు కుట్టుకో, ఏళ్ళ తరబడి వేసుకుంటావు" అంటుంది. అత్తయ్య "చంటిదానికి మూరెడు గుడ్డ చాలు, చెడినా పోయేదేం లేదు, వాటితోనే చెయ్యి తిరుగుతుంది" అంటారు. నాకు ఇద్దరి మాటా సబబుగానే అనిపిస్తోంది. "మీ ఇష్టం" అనకుండా ఎవరైనా ఒక వైపు నిలబడి, ఎందుకో చెప్పండి.

నీలిచొక్కా:
నేను మీ అక్కగారి వైపు. పిల్లల బట్ట చిన్నదే కానీ పని చిన్నది కాదు. చొక్కా పెద్దవాళ్ళదైనా పసివాళ్ళదైనా రెండు జబ్బల కుట్లు, రెండు చేతులు, రెండు పక్కలు, మెడ, కింద అంచు. కుట్ల లెక్క ఒకటే. పైగా ఏడాది పిల్ల చంక గుండ్రం అరచేతిలో ఇమిడిపోయేంత ఉంటుంది, మిషన్ పాదం కింద అది తిరగదు. అదే పని మీ కుర్తా మీద చేస్తే చెయ్యి పెట్టి తిప్పుకోవడానికి చోటుంటుంది.

ఇక వాడుక సంగతి. పుట్టినప్పుడు సుమారు 50 సెం.మీ. ఉండే బిడ్డ ఏడాది తిరిగేసరికి 75 దగ్గరికి వస్తుంది. రెండో ఏడు ఇంకో 10, 12 సెం.మీ. పెరుగుతుంది. ఐరోపాలో పిల్లల సైజులు ఎత్తును బట్టే ఉంటాయి: 80, 86, 92, 98. అంటే ఆరేసి సెం.మీ.కి ఒక మెట్టు. రెండో ఏట పిల్లలు ఆ మెట్లు రెండు ఎక్కేస్తారు. మీరు కష్టపడి కుట్టింది ఒక మెట్టుకే పనికొస్తుంది. చుట్టాల పిల్లలు వాడి వదిలేసినవి కొత్తవాటిలాగే ఉంటాయి, అవి తీసుకోండి. మీ సమయం మీమీద పెట్టుకోండి.

కచ్చాకుట్టు:
నీలిచొక్కా గారూ, మీరు చెప్పిన అంకెలు సరైనవే. కానీ వాటిలో ఒకటి వదిలేశారు. పిల్లలు పెరిగేది ఎక్కువగా పొడుగు, వెడల్పు కాదు. అదే సైజు పట్టికలో 80 నుంచి 104 వరకు చూడండి. ఎత్తు 24 సెం.మీ. పెరిగితే ఛాతీ చుట్టుకొలత పెరిగేది సుమారు 6 నుంచి 8 సెం.మీ. మాత్రమే. గౌను బిగుతై మూలపడటం తక్కువ, పొట్టై మూలపడటమే ఎక్కువ. పొట్టిదనానికి మందు ఇంట్లో కుట్టే బట్టలోనే ఉంది, కొన్న బట్టలో లేదు.

కొన్న గౌను లోపలివైపు తిప్పి చూడండి. కింద మడత రెండు సెం.మీ. కూడా ఉండదు. పక్కన కుట్టుకి ఆనించి కోసేసి, పోగులు ఊడకుండా అంచు చుట్టి కుట్టి (ఓవర్‌లాక్) ఉంటుంది. విప్పితే వచ్చేదేమీ లేదు. ఫ్యాక్టరీలో ఒక్కో ముక్క మీద సెంటీమీటరు మిగిల్చినా మొత్తం మీద తానులకు తానులు మిగులుతాయి కాబట్టి వాళ్ళ లెక్క వాళ్ళది.

ఇంట్లో అయితే గౌను కింది భాగంలో అడ్డంగా మూడు టక్కులు పెట్టండి. ఒక్కో టక్కు 1 సెం.మీ. లోతు అనుకుంటే, అది రెండు పొరల మడత కాబట్టి 2 సెం.మీ. బట్ట పడుతుంది. మూడు టక్కుల్లో 6 సెం.మీ. దాగి ఉంటుంది. మీరు చెప్పిన ఒక మెట్టు సరిగ్గా అంతే! పాప పెరిగేకొద్దీ ఒక్కో టక్కూ విప్పుతూ పోవచ్చు. కింద 5 సెం.మీ. మడత వదిలితే అదింకో దఫా. టక్కు కుట్టేటప్పుడు కుట్టు కాస్త పొడుగ్గా, 4 మి.మీ. పెట్టుకుంటే విప్పేటప్పుడు బట్ట చిరగదు. మామూలు కుట్టుకి రెండున్నర చాలు.

ఒక్క జాగ్రత్త. ముదురు ఒకే రంగు బట్టలో టక్కు విప్పాక లోపలి గుడ్డ కొత్తగా, బయటిది వెలిసిపోయి చారలు కనబడతాయి. చిన్న చిన్న పూల అచ్చు బట్టలోనో తెలుపులోనో ఆ తేడా తెలియదు. లేదంటే ఆ గీత మీదుగా సన్న లేసు కుట్టేస్తే సరి.

చంక గుండ్రం తిరగదన్నారు. అసలు తిప్పనే అక్కర్లేదు. జబ్బలు కలిపాక బట్టని బల్లమీద పరిచి, పక్కలు కుట్టకముందే చెయ్యి అతికించేయండి. తర్వాత మణికట్టు దగ్గర మొదలుపెట్టి చంక మీదుగా నడుము దాకా ఒకటే కుట్టు. పసిపిల్లల చొక్కాలకి ఇదే పద్ధతి.

నీలిచొక్కా:
టక్కుల మాట ఒప్పుకుంటాను. అయితే అది గౌనుకి కుదురుతుంది. నిక్కరుకి, చొక్కాకి కుదరదు. పైగా ఏడాదిన్నర పిల్లలు రోజంతా వేసుకునేది సాగే అల్లిక బట్ట, అంటే టీషర్టు గుడ్డ. దాన్ని కుట్టడం కొత్తవాళ్ళకి నరకం. మామూలు సూది పోగుల్ని గుచ్చి తెంపేస్తుంది. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది కావాలి, జిగ్‌జాగ్ కావాలి. తిన్నటి కుట్టు వేస్తే బట్ట సాగినప్పుడల్లా దారం పుటుక్కుమంటుంది.

కవలలతల్లి:
సాగే బట్ట కోసం కొత్త తాను కొనక్కర్లేదండీ. పెద్దవాళ్ళ పాత టీషర్టు తీసుకోండి. ఎన్నో ఉతుకులు పడి ఉంటుంది కాబట్టి ఇక కుంచించుకుపోదు, రంగు కూడా పోవాల్సినంత పోయి ఉంటుంది, మెత్తబడి ఉంటుంది. కొత్త నూలుబట్టని మాత్రం కత్తిరించే ముందు తప్పకుండా ఒకసారి ఉతికి ఆరేసి ఇస్త్రీ చేయాలి. నూరు సెం.మీ.కి మూడు నుంచి ఐదు దాకా తగ్గడం మామూలే, వదులు నేత అయితే ఇంకా ఎక్కువ.

పాత టీషర్టులో నాకు నచ్చే కిటుకు ఇది. కింది అంచుని విప్పకండి. మీ కాగితం కటింగ్‌ని ఆ అంచు మీదే ఆనించి కత్తిరిస్తే పాప చొక్కాకి కింద అంచు కుట్టే పనే ఉండదు. చేతుల అంచులూ అంతే. కొత్తవాళ్ళకి సాగే బట్టలో అన్నిటికంటే కష్టం ఆ అంచే. మిగిలేది జబ్బలు, పక్కలు, మెడ.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో 1941 జూన్‌లో బట్టలకి రేషన్ పెట్టారు, అది 1949 దాకా నడిచింది. పెద్దవాళ్ళ పాతవాటిని విప్పి పిల్లలకి ఎలా కుట్టాలో చెబుతూ అక్కడి ప్రభుత్వమే 1943లో ఒక చిన్న పుస్తకం వేసింది. బట్టలో మోచేతులు, మెడ, పిరుదులు ముందు అరుగుతాయి. వీపు, తొడ భాగం బాగానే ఉంటుంది. ఆ బాగున్న చోట పిల్లల ముక్క పడుతుంది.

దారపుండ:
చాలా ఉపయోగపడే మాటలు. మెడ గురించి కూడా చెప్పరూ? ఇప్పటికే ఉన్న చొక్కా ఒకటి కాగితం మీద గీసి చూశాను. మెడ అంత చిన్నగా ఉంటే తల ఎలా దూరుతుందో అర్థం కాలేదు.

కచ్చాకుట్టు:
మంచి ప్రశ్న. పసిపిల్లల బట్టల్లో అసలు చిక్కు అక్కడే ఉంది. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెం.మీ., ఛాతీ అంతకంటే తక్కువ. ఏడాది దగ్గర రెండూ సమానమై 46 చుట్టుపక్కల ఉంటాయి. ఆ తర్వాతే ఛాతీ ముందుకు పోతుంది. మన బట్టల్లో మెడ చూసి మెడ కత్తిరిస్తాం. పిల్లలకి తల చూసి మెడ కత్తిరించాలి. సాగని బట్ట అయితే మెడ చుట్టు తల కంటే రెండు సెం.మీ.లైనా పెద్దదిగా ఉండాలి. అంత వెడల్పు చేస్తే జబ్బ జారుతుంది కాబట్టి వెనక నిలువునా చీలిక పెట్టి టిచ్ బటన్ వేస్తాం, లేదా జబ్బ మీద తెరుచుకునేలా చేస్తాం. చంటిపిల్లల చొక్కాల్లో ముందు జబ్బ, వెనక జబ్బ ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయే, అది అందుకే. తల దూరేటప్పుడు విడిపోయి తర్వాత దగ్గరపడతాయి. బట్ట పాడైనప్పుడు తల మీదుగా కాకుండా కిందికి లాగి తీసేయొచ్చు కూడా.

క్వాలిటీచెక్:
పిల్లల బట్టలు ఎగుమతి చేసే చోట తనిఖీ విభాగంలో పనిచేశాను. అందరూ ముచ్చటగా మాట్లాడుకుంటున్నారు కానీ భద్రత మాట ఎవరూ ఎత్తలేదు. మెడ దగ్గర, టోపీ దగ్గర లాగి కట్టే తాళ్ళు పెట్టకూడదని అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా సంఘం 1996లో మార్గదర్శకాలు ఇచ్చింది. జారుడుబల్ల సందులో ఆ తాడు ఇరుక్కుని పిల్లలు చనిపోయారు కాబట్టి ఇచ్చింది. ఐరోపాలో దీనికి విడిగా ఒక ప్రమాణమే ఉంది. మూడేళ్ళలోపు పిల్లలకి ఊడివచ్చే చిన్న వస్తువేదైనా గొంతులో అడ్డుపడే ప్రమాదం. రాత్రి బట్టలకి నిప్పు అంటుకునే తీరు మీద 1970ల నుంచి అమెరికాలో నిబంధనలు ఉన్నాయి. కొన్న బట్టకి వెనక ఈ పరీక్షలన్నీ ఉంటాయి. ఇంట్లో కుట్టే బట్టకి ఎవరు పరీక్ష పెడతారు? అందమైన బొత్తాలు, మెడకి రిబ్బన్ ముడి, ఘేరు ఎక్కువున్న రాత్రి గౌను. ఇంట్లో కుట్టేవాళ్ళకి ముందు బుద్ధి పుట్టేది వీటిమీదే. నా ఓటు కొనడానికే.

కవలలతల్లి:
మీరు చెప్పిన ప్రమాదాలు నిజం, ఇక్కడ చెప్పినందుకు కృతజ్ఞతలు. కానీ అవన్నీ ఇంట్లో పాటించలేనివి కావు. తాడు పెట్టకపోతే సరిపోతుంది. మూడేళ్ళ లోపు బొత్తాం బదులు నడుముకి ఇలాస్టిక్. రాత్రికి ఒంటికి అంటుకునే బట్ట. బిగుతుగా ఉంటే ఒంటికీ గుడ్డకీ మధ్య గాలి తక్కువ, మంట త్వరగా పాకదు. అందుకే అమెరికాలో కూడా 1996లో బిగుతైన రాత్రి బట్టల్ని ఆ నిబంధన నుంచి మినహాయించారు. మంట అంటకుండా పిల్లల రాత్రి బట్టలకి పూసిన ట్రిస్ అనే రసాయనాన్ని క్యాన్సర్ భయంతో అదే సంఘం 1977లో నిషేధించింది. పరీక్ష జరిగింది కదా అని కళ్ళు మూసుకుని నమ్మలేం.

బొత్తాల సంగతికొస్తే, కొన్న చొక్కాల్లో చాలా వాటికి బొత్తాం ఒకే దారపు గొలుసుకుట్టుతో కుట్టి ఉంటుంది. వెనక వేలాడే పోగు లాగితే మొత్తం జర్రున ఊడివస్తుంది. కొన్నవెంటనే విప్పి చేత్తో మళ్ళీ కుట్టడం మంచిది.

క్వాలిటీచెక్:
గొలుసుకుట్టు మాట నిజమే. పరీక్షలో నెగ్గిన బొత్తాం కూడా ఉతుకుల తర్వాత వదులవుతుంది. అయినా నా భయం పోలేదు. అందరూ మీ అంత శ్రద్ధగా ఉండరు.

తెల్లనూలు:
డబ్బు మాట, భద్రత మాట పక్కన పెట్టి నా కారణం చెబుతాను. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. వాళ్ళు అప్పటిదాకా కుడుతున్నది మనలాంటి వాళ్ళు కొనే బట్టలే. ముందురోజే గోడలు బీటలు వారాయి, అయినా పనిలోకి రప్పించారు. అప్పటినుంచి నా పిల్లలకి కుట్టగలిగినంత నేనే కుడుతున్నాను. ఒక చొక్కాకి ఎంత పని పడుతుందో చేతికి తెలిశాక, దాన్ని అంత తేలిగ్గా పారేయబుద్ధి కాదు.

నీలిచొక్కా:
మీ బాధ నాకు అర్థమవుతుంది, ఆ మాటని తీసిపారేయను. కానీ మనం కొనే తానునీ ఎవరో నేశారు, ఎవరో రంగు వేశారు. వాళ్ళు పనిచేసే చోటు ఎలా ఉందో మనకి తెలియదు. ఇంట్లో కుట్టడం వల్ల ఒక్క అంచె మాత్రమే మన చేతికి వస్తుంది. పైగా ఆ ఉద్యోగాల మీద బతికేవాళ్ళకి కావలసింది గట్టి భవనం, సరైన జీతం. మనం కొనడం మానేస్తే అవి వస్తాయా?

తెల్లనూలు:
రావు. రెండూ చేయాలి. ఆ భద్రత గురించి అడగాలి, కొనేది తగ్గించాలి. నేను నా ఇంటివరకు చేయగలిగింది చేస్తున్నాను.

కచ్చాకుట్టు:
దారపుండ గారి ప్రశ్నకి వస్తాను. "నీకు కుట్టుకో" అన్న మాటలో ఒక చిక్కుంది. పెద్ద ఆడవాళ్ళ ఒంటికి కుట్టాలంటే డార్టులు (ఒంటి వంపుకి తగ్గట్టు కోసుగా కుట్టే మడతలు), చంక లోతు, జబ్బ వాలు, వీపు వెడల్పు అన్నీ కుదరాలి. ఒకటి సర్దితే ఇంకొకటి లాగుతుంది. ముందు పాత దుప్పటితో నమూనా కుట్టి, వేసుకుని, కచ్చా కుట్లు విప్పి సరిచేసుకోవాలి. వీపు మీద పిన్ను పెట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. పాలిచ్చే తల్లి అయితే కొలతలు నెలనెలకీ మారతాయి కూడా. పసిపిల్లలకి డార్టు అన్నదే లేదు, రెండు సెం.మీ. వదులు అటూ ఇటూ అయినా వాళ్ళకి పట్టదు. పూర్తయ్యాక పరిగెత్తడానికి వీలుగా ఉంటే చాలు. కుట్టు నేర్చుకోవడానికి అంత సహనం ఉన్న ఒళ్ళు ఇంకెక్కడా దొరకదు. అందుకే నేను మీ అత్తయ్యగారి వైపు.

నీలిచొక్కా:
నేర్చుకోవడానికి అయితే సరే. రోజువారీ బట్టలన్నీ ఇంట్లోనే కుట్టాలంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. చిన్నపిల్లతో ఉన్న తల్లికి దొరికే ఖాళీ నిద్రకి పోవాలి, మిషన్‌కి కాదు.

దారపుండ:
ఇంతమంది ఓపిగ్గా చెప్పినందుకు సంతోషం. ఇలా అనుకుంటున్నాను. నా పాత నూలు కుర్తాతో పాపకి చేతుల్లేని గౌను, మూడు టక్కులతో. తర్వాత పాత టీషర్టుతో చొక్కా. రాత్రి బట్టలు కొన్నవే. నా కుర్తా జోలికి ఇప్పుడే పోను. చివరగా ఒక్కటి: గౌను లోపలికి చిన్న నిక్కరు కుట్టాలంటే ఇలాస్టిక్ ఎంత కొయ్యాలి? ఇంట్లో ఉన్నవన్నీ పొట్టమీద ఎర్రగా అచ్చు పడేలా ఉన్నాయి.

కచ్చాకుట్టు:
పాప తిని కూర్చున్నాక నడుము కొలవండి, నిలబడ్డప్పుడు కాదు. దానికి 3 సెం.మీ. తగ్గించి, కలపడానికి 2 సెం.మీ. అదనంగా వదిలి కోయండి. వెడల్పు ఇలాస్టిక్ అచ్చు తక్కువ వేస్తుంది, 2 సెం.మీ.ది తీసుకోండి. దాన్ని గుడ్డకి నేరుగా కుట్టేయకుండా నడుము మడతలో గొట్టంలా దారి వదిలి పిన్నీసుతో ఎక్కించండి. రెండు కొసలూ ఒకదానిమీద ఒకటి ఎక్కించి కుట్టాక, గొట్టం వెనకవైపు రెండు వేళ్ళంత సందు చేత్తో పొడుగు కుట్లు వేసి మూయండి. బిగుతైనప్పుడు ఆ నాలుగు కుట్లు విప్పి ఇలాస్టిక్ మారిస్తే చాలు, నిక్కరు మొత్తం విప్పక్కర్లేదు.