థిన్ కట్ ప్రతిసారీ థిక్‌గానే తగులుతోంది, ఎక్కడ చూసి కొట్టాలి?

బెజవాడ_బ్రేక్:
ఆరు నెలలుగా స్నూకర్ ఆడుతున్నా. నేరుగా ఉన్నవి పడుతున్నాయి, హాఫ్ బాల్ (వైట్ వెళ్లి రెడ్‌లో సగానికి తగిలేది) కూడా పర్లేదు. అంతకంటే పల్చగా కోయాల్సి వస్తే, అంటే థిన్ కట్ అయితే మాత్రం, వైట్ థిక్‌గా (కావాల్సినదానికంటే నిండుగా) తగిలి రెడ్ పాకెట్ అంచుకి కొట్టుకుని బయటికొస్తోంది. చూపు ఎక్కడ పెట్టాలి? మిడిల్ పాకెట్‌కి కూడా ఇదే పద్ధతా? క్యూ కర్ర చివరి టిప్ మార్చాలా?

మార్కర్_గారబ్బాయి:
మా నాన్న క్లబ్బులో 30 ఏళ్లు మార్కర్ (స్కోరు చూసే మనిషి). రెడ్ వెనక, పాకెట్‌కీ రెడ్‌కీ సూటిగా ఉన్న గీతలో, ఇంకో బాల్ ఆనించి పెట్టేవారు. ‘దాన్నే చూస్తూ ఉండు’ అని, నేను వంగాక తీసేసేవారు. అక్కడికే వైట్‌ని పంపాలి. హాఫ్ బాల్‌కి గురి పెట్టడానికి రెడ్ అంచు ఉంటుంది. అది దాటాక గురి పెట్టేది ఖాళీ జాగాకి. అక్కడే చెయ్యి భయపడి లోపలికి లాగేస్తుంది.

లెక్కల_సారు:
భయం కాదండీ, అందరూ తగలాల్సిన చుక్కనే గురి చూస్తారు, తప్పు అక్కడుంది. బాల్ వ్యాసం 52.5 మి.మీ. క్వార్టర్ బాల్‌కి (రెడ్‌లో పావు వంతుకే తగిలే కట్) తగిలే చుక్క రెడ్ మధ్య నుంచి దాదాపు 20 మి.మీ. పక్కన ఉంటుంది. వైట్ మధ్యభాగం వెళ్లాల్సింది మాత్రం 39 మి.మీ. పక్కకి. ఏ కోణానికైనా సరిగ్గా రెట్టింపే. చుక్కకి గురిపెడితే థిక్ తగలక ఏమవుతుంది?

రాత్రి_ఫ్రేమ్:
సార్, క్యూ మీద వంగాక మిల్లీమీటర్లు ఎవరు లెక్కపెడతారు? నేనూ ఏడాది ఈ లెక్కలతోనే పాడయ్యాను. అసలు దొంగ బాల్స్ మీది మురికి. మా పార్లర్‌లో నెలల తరబడి తుడవరు. వైట్ తగిలినప్పుడు రాపిడి రెడ్‌ని తనతో పాటు కాస్త ఈడ్చుకెళ్తుంది. మీరు సరిగ్గా కొట్టినా థిక్ కొట్టినట్టే పోతుంది. నెమ్మదిగా కొడితే ఇంకా ఎక్కువ.

మార్కర్_గారబ్బాయి:
బాల్స్ మీద నెట్టడం తేలిక తమ్ముడూ. అదే టేబుల్ మీద అవే బాల్స్‌తో ఎదుటివాడు 40 బ్రేక్ (తన వంతు పోకుండా వరసగా 40 పాయింట్లు) కొడుతుంటే ఏమంటావ్?

రాత్రి_ఫ్రేమ్:
నెట్టడం కాదన్నా, ఉన్నమాట. ఇంట్లోంచి మెత్తని గుడ్డ తీసుకెళ్లి తుడిచి ఆడాను, తేడా కళ్లకి కనిపించింది. మీరు ఒక్కసారి చేసి చూసి మాట్లాడండి.

వైజాగ్_క్యూ:
వానాకాలంలో మా దగ్గర క్లాత్ బరువెక్కి రెడ్ పాకెట్ దాకా పోదు. ఏసీ వేయమంటే గంటకి రేటు పెంచుతామంటారు. దీని గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

సైడ్_స్పెషలిస్ట్:
ఈడ్చుకుపోకుండా మందుంది. రెడ్ ఎడమకి పోవాలంటే వైట్‌కి కొంచెం కుడి సైడ్ పెట్టండి, అంటే మధ్యలో కాక కాస్త కుడిపక్కన కొట్టి అది తిరిగేలా చేయండి. రెండు బాల్స్ పళ్ల చక్రాల్లా దొర్లుతాయి, రాపిడి తగ్గుతుంది. జిల్లా స్థాయిలో ఆడినవాణ్ణి, నా మాట నమ్మండి.

లెక్కల_సారు:
ఆరు నెలల పిల్లాడికి సైడ్ నేర్పుతారా? సైడ్ పెడితే వైట్ గీత తప్పుతుంది, దూరం పెరిగే కొద్దీ ఇంకా తప్పుతుంది. జిల్లా ఆడారు సరే, మీ చెయ్యి అతనికి లేదు కదా.

సైడ్_స్పెషలిస్ట్:
నేను నేర్చుకున్నదీ ఆరో నెలలోనే. తెలియకపోతే ఊరుకోండి సారూ.

పాతకాపు_1985:
కొట్టుకోకండి. 1985 ప్రపంచ స్నూకర్ ఫైనల్, ఫ్రేములు (ఆటలు) 17-17, చివరి ఫ్రేమ్, చివరి బ్లాక్ బాల్. అప్పటి ఛాంపియన్ స్టీవ్ డేవిస్‌కి టాప్ పాకెట్‌కి థిన్ కట్ దొరికింది. అంతటివాడు మరీ పల్చగా కోసేశాడు. డెనిస్ టేలర్ దాన్ని వేసి 18-17తో గెలిచాడు. అంటే పల్చన కూడా తప్పే. ఆ షాట్ తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది.

డాలస్_తెలుగు:
ఇక్కడ పూల్ టేబుల్సే ఎక్కువ. బాల్ 57 మి.మీ., పాకెట్లు వెడల్పు. రెండేళ్లు అదే ఆడి హైదరాబాద్ వచ్చి స్నూకర్ టేబుల్ ముందు నిలబడితే పాకెట్‌లో బాల్ పడుతుందా అని అనుమానమొచ్చింది. జబల్‌పూర్‌లో 1875లో పుట్టిన ఆట, మన పిల్లలు పూల్‌కి పోతుంటే బాధగా ఉంది.

బెజవాడ_బ్రేక్:
బాల్ ఆనించి పెట్టే పద్ధతి ఈరోజు చేశా. ఒకే రెడ్, ఒకే చోటు, 20 సార్లు. 11 పడ్డాయి. నిన్నటిదాకా నాలుగు దాటలేదు! గుడ్డతో తుడిచా కూడా. మరి మిడిల్ పాకెట్ సంగతి?

రాత్రి_ఫ్రేమ్:
తుడిచావుగా, అందుకే పడ్డాయి.

మార్కర్_గారబ్బాయి:
వంగే ముందే నిలబడి గీత చూసుకో, వంగాక మార్చకు. వంగాక గీత తప్పనిపిస్తే లేచి మళ్లీ మొదలుపెట్టు. రేపు అదే రెడ్‌ని ఒక చాక్ ముక్క అంత పక్కకి జరిపి ఇంకో 20 కొట్టు. ఎన్ని పడ్డాయో ఇక్కడ రాయి.