ఆల్కలినిటీని ‘క్షారత’ అనొచ్చా? ‘సమతుల్యం’ అన్న మాట అక్కడ సరిపోతుందా?

ప్రశ్న (డాలస్ నుంచి ఒక సభ్యురాలు):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు పెంచుతున్నాం. ఇక్కడ కొత్తగా మొదలుపెట్టే తెలుగువాళ్ల కోసం ఒక చిన్న వ్యాసం రాస్తూ ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: “నీటిలో కాల్షియం, క్షారతల మధ్య సమతుల్యం పాటించాలి.” వ్యాకరణం బాగానే ఉంది. కానీ చదివినవాళ్లు రేపు సీసా చేతిలో పట్టుకుని ఏం చేయాలో దీన్నిబట్టి తెలుస్తుందా అని అనుమానం. పెద్దలు చెప్పగలరు.

జవాబు:

అందులో రెండు మాటలూ ఇబ్బంది పెట్టేవే అండీ. ముందు క్షారత సంగతి చూద్దాం. పీహెచ్ 7 దాటితే క్షార గుణం అని బడిలో నేర్చుకున్నాం. అందుకే “నీటి క్షారత తగ్గింది” అంటే పీహెచ్ తగ్గిందనే అనుకుంటారు. ఆల్కలినిటీ అది కాదు. నీటిలో ఆమ్లం పడితే దానికి విరుగుడుగా పనిచేసే సరుకు ఎంత ఉందో చెప్పే లెక్క అది. సముద్రపు నీటిలో ఆ సరుకు చాలావరకు బైకార్బనేట్. పగడం తన గుల్ల కట్టుకోవడానికి వాడుకునేదీ దాన్నే.

రాత్రి లైట్లు ఆపగానే కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, పీహెచ్ దిగుతుంది. మధ్యాహ్నం 8.3 ఉన్నది తెల్లవారుజామున 7.9కి రావచ్చు. కానీ కార్బన్ డయాక్సైడ్ పెరిగినంత మాత్రాన ఆల్కలినిటీ తగ్గదు. ‘క్షారత’ అని రాస్తే ఈ తేడా కనిపించకుండా పోతుంది. పొద్దున్నే పీహెచ్ చూసి కంగారుపడి, ఆల్కలినిటీ పెంచే సోడాని అక్కర్లేకుండా పోసేస్తారు.

నన్నడిగితే ‘క్షార నిల్వ’ మేలు. నిల్వ అంటే ఖర్చయ్యేది, మళ్లీ నింపాల్సింది అని ఎవరికైనా తడుతుంది.

భీమవరం నుంచి ఒక సభ్యుడు:

నేను రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. మా దగ్గరికొచ్చే రైతులెవరూ క్షారత అనరండీ. “ఆల్కలినిటీ ఎంతొచ్చింది?”, “వానలకి ఆల్కలినిటీ పడిపోయింది” అనే అంటారు. రిపోర్టులో పీహెచ్‌కి ఒక గడి, దీనికి ఇంకో గడి. రెండూ వేరని వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా మేం దీన్ని పీపీఎంలలో, అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లని చెప్తాం, డాలస్ మేడమ్ గారు డీకేహెచ్ అంటారేమో. ఇంతగా వాడుకలో ఉన్న మాటని మార్చడం ఎందుకు?

జవాబు:

మీ మాట నిజం. మాట కొత్తగా పుట్టించడం కంటే వాడుకలో ఉన్నదాన్ని ఉంచడమే మంచిది. మొదటిసారి వచ్చిన చోట “ఆల్కలినిటీ, అంటే నీటిలోని క్షార నిల్వ” అని ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత ఆల్కలినిటీ అనే రాస్తే చాలు. డీకేహెచ్ అన్నది జర్మన్ కొలత. 1 డీకేహెచ్ అంటే కాల్షియం కార్బనేట్ లెక్కలో సుమారు 18 పీపీఎం. సహజ సముద్రపు నీటిలో 7 డీకేహెచ్ దాకా ఉంటుంది, కాల్షియం 410 పీపీఎంకి అటూఇటూ.

ఇక నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ‘సమతుల్యం’ మీద. తుల అంటే త్రాసు. ఒక పళ్లెం దిగితే రెండోది లేస్తుంది. ఆ బొమ్మ మనసులో ఉన్నవాళ్లు ఆల్కలినిటీ తగ్గిందంటే కాల్షియం ఎక్కువైందని, కాల్షియం ఆపేయాలని అనుకుంటారు. తొట్టెలో జరిగేది అందుకు పూర్తిగా వేరు. పగడం కాల్షియం కార్బనేట్‌గా గుల్ల కడుతుంది కాబట్టి రెండిటినీ జంటగా, ఒకే లెక్కలో వాడుకుంటుంది. 20 పీపీఎం కాల్షియం పోతే 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ పోతుంది. అంటే కాల్షియం 420 నుంచి 400కి వచ్చేసరికి ఆల్కలినిటీ 8.4 నుంచి 5.6కి పడిపోతుంది. మొదటిది టెస్ట్ కిట్‌లో తేడాగా కూడా తెలియకపోవచ్చు. రెండోది మూడో వంతు ఖాళీ. అందుకే అనుభవమున్నవాళ్లు ఆల్కలినిటీని తరచుగా చూస్తారు, కాల్షియాన్ని అంత తరచుగా చూడరు.

త్రాసులా కనిపించే సందర్భం ఒకటుంది. ఏదో ఒకటి, లేదా రెండూ, మితిమీరి పోస్తే కాల్షియం కార్బనేట్ నీటిలోనే గడ్డకట్టి బయటపడుతుంది. హీటరు మీద, పంపు రెక్కల మీద తెల్లగా పెంకు కడుతుంది. అప్పుడు సోడా పోసేకొద్దీ కాల్షియం దిగుతున్నట్టు కనిపిస్తుంది. మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉంటే ఈ గడ్డకట్టడాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. అది తక్కువైతే మాత్రం మిగతా రెండిటినీ నిలబెట్టడం కష్టం.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా మారుస్తాను: “పగడాలు కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ జంటగా ఖర్చు చేస్తాయి; ఖర్చైన లెక్కలోనే రెండిటినీ భర్తీ చేయాలి.” సీసా పట్టుకున్నవాళ్లకు పని చెప్పే క్రియ ‘భర్తీ చేయడం’. ‘పాటించడం’ ఏ పనీ చెప్పదు.

ఇండియాలో ఉన్నవాళ్లూ చదువుతారు కాబట్టి ఇంకో వాక్యం తప్పకుండా చేర్చండి. ఇండియాలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సేకరించడం, అమ్మడం నేరం.

డాలస్ సభ్యురాలు:

చాలా థాంక్సండీ, వాక్యం అలాగే పెట్టేస్తాను. ఇంకొక్క సందేహం. కాల్షియానికి ఒకటి, ఆల్కలినిటీకి ఒకటి వాడే రెండు సీసాల పద్ధతికి కాల్షియం క్లోరైడ్, చాకలి సోడా అని రాశాను. కానీ కాల్క్‌వాసర్‌కి ఏం రాయాలి? ‘కాల్షియం హైడ్రాక్సైడ్ ద్రావణం’ అంటే బాగుంటుందా?

జవాబు:

దానికి మనకు చక్కటి మాట ఉందండీ: సున్నపు తేట. జర్మన్‌లో కాల్క్ అంటే సున్నం, వాసర్ అంటే నీళ్లు. బడిలో గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడిన సున్నపు తేటే ఇది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌తో తెల్లబడినట్టే, మూతలేని పాత్రలో గాలి తగిలినా పైన పొర కడుతుంది. కాబట్టి పాత్రకు మూత ఉంచాలని రాయండి.

ఇందులో కాల్షియం, ఆల్కలినిటీ పగడం వాడుకునే లెక్కలోనే ఉంటాయి. అందుకే ఒక్క పాత్రతో పని జరిగిపోతుంది. పీహెచ్ మాత్రం 12 దాటి ఉంటుంది. కాబట్టి చుక్కచుక్కగానే వదలాలి. రాత్రి పీహెచ్ దిగే వేళ వదిలేవాళ్లు ఎక్కువ. ‘తేట’ అన్న మాటను వదులుకోకండి. సున్నం కలిపి కదపకుండా ఉంచాక పైకి తేలిన తేటనే తొట్టెలోకి పంపాలి, అడుగున పేరుకున్న మడ్డిని పోనివ్వకూడదు. ‘ద్రావణం’ అని రాస్తే ఈ సంగతి విడిగా చెప్పాల్సి వస్తుంది.