నెగడు మంట నీలంగా, ఆకుపచ్చగా రావాలంటే ఏం వేయాలి? ఎంత వేయాలి?

అరకు_గుడారం

వచ్చే నెల అరకు దగ్గర గుడారాల్లో రెండు రాత్రులు బస. పిల్లలతో కలిపి నలభై మందిమి. మూడడుగుల వెడల్పు గుంటలో సరుగుడు కట్టెలతో నెగడు వేస్తాం. కాసేపైనా మంట రంగు మారి అందరికీ కనిపించాలని కోరిక. పురుగుమందుల దుకాణంలో దొరికే మైలుతుత్తం కుంపట్లో చిటికెడు వేసి చూస్తే, అంచున ఆకుపచ్చ ఒక్క క్షణం మెరిసి మళ్ళీ అంతా పసుపే అయిపోతోంది. మోతాదు చాలకా, వేసే పద్ధతి తప్పా? నీలం రావాలంటే ఏం కలపాలి? ఎరుపు కూడా సాధ్యమేనా? అదే మంట మీద మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవచ్చా?

కొలిమి

తప్పు మోతాదులో కొంత, వేసే సమయంలో ఎక్కువ. కట్టెల మంట పసుపుగా ఉండేది రెండు కారణాల వల్ల. ఒకటి, పూర్తిగా కాలని మసి రేణువులు వేడికి వెలగడం. రెండోది సోడియం. దాని వెలుగు తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, కంటికి బాగా ఆనే చోటు. రవ్వంత ఉప్పు ఉన్నా మిగతా రంగులన్నిటినీ మింగేస్తుంది. కాబట్టి మంట ఎగిసిపడుతున్నప్పుడు ఎంత మైలుతుత్తం పోసినా దండగే.

నెగడు వేసిన గంట, గంటన్నర తర్వాత కట్టెలు సగం నిప్పులై, మంట మోకాలి ఎత్తుకు దిగుతుంది. వేయాల్సింది అప్పుడే. పొడిని పైనుంచి చల్లొద్దు. కొంత గాలికి పోతుంది, కొంత కట్టె మీద పడి చల్లగానే ఉండిపోతుంది. ముప్పై గ్రాముల చొప్పున న్యూస్‌పేపర్‌లో పొట్లాలు కట్టి, పొడుగాటి పటకారుతో మంట మొదట్లో, నిప్పుల అంచున దూర్చండి. పొడి నిప్పుల వేడికి ఆవిరై, పైనున్న మంటలోంచి పోతేనే రంగు. మూడడుగుల గుంటకు ఒకేసారి మూడు పొట్లాలు, మూడు వైపులా. నిప్పు బాగుంటే పది నిమిషాలు అటూఇటూగా నిలుస్తుంది. తగ్గగానే ఇంకో మూడు. పావుగంట ఆటకు పావుకిలో పొడి చాలు.

కట్టెలు ఎండినవే కావాలి. పచ్చివైతే వేడి చాలదు, పొగ ఎక్కువ. పిడకలు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ఆ గుంటలో పడనివ్వకండి.

తుత్తం_పొటాష్

నీలం సంగతి. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. అది ఒక్కటే వేస్తే ఆకుపచ్చే వస్తుంది. నీలం ఇచ్చేది రాగి, క్లోరిన్ జతకట్టిన ఆవిరి. అందుకే క్లోరైడ్ తోడు కావాలి. వంటింటి ఉప్పు వేద్దామనిపిస్తుంది కానీ అందులో సోడియం ఉంది, మళ్ళీ పసుపే. పొటాషియం క్లోరైడ్ వాడండి. లెక్క ప్రకారం ఐదు పాళ్ళ మైలుతుత్తానికి మూడు పాళ్ళు, అంటే 100 గ్రాములకు 60 గ్రాములు. సైంటిఫిక్ కెమికల్స్ అమ్మే దుకాణంలో తీసుకుంటే మంచిది. ఎరువుల దుకాణంలోని పొటాష్‌తోనూ పని అవుతుంది గానీ అందులో కొంత ఉప్పు కలిసే ఉంటుంది, నీలం మసకబారుతుంది. 'తక్కువ సోడియం' అని అమ్మే తినే ఉప్పు అసలు పనికిరాదు, అందులోనూ సగానికి పైగా మామూలు ఉప్పు ఉండొచ్చు.

నేరుగా కాపర్ క్లోరైడ్ దొరికితే కలపడాలు అక్కర్లేదు, రంగు కూడా ఇంకా నిండుగా వస్తుంది. కాకపోతే గాలిలో తేమ పీల్చి ముద్దయిపోతుంది. మూత బిగుతుగా ఉండే సీసాలో ఉంచి, పొట్లాలు ఆ సాయంత్రమే కట్టుకోవాలి.

మైలుతుత్తం పలుకులు పెద్దవైతే మందపాటి పాలిథిన్ సంచిలో పోసి, పైనుంచి కర్రతో చితక్కొట్టండి. చక్కెర పలుకంత అయితే చాలు. వంటింటి మిక్సీ, రోలు ముట్టుకోవద్దు. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్క్ తప్పనిసరి. ఆ దుమ్ము కంట్లో పడితే బాగా దెబ్బతీస్తుంది.

పొట్లాలకు బదులు ఇంకో దారి ఉంది, అరకు కట్టెల దుకాణాల దగ్గరే సరుకు దొరుకుతుంది. ఎండిన సరుగుడు కాయలు. లీటరు నీళ్ళలో 100 గ్రాముల మైలుతుత్తం, 60 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కరిగించి, కాయల్ని రాత్రంతా నానబెట్టాలి. ప్లాస్టిక్ బకెట్‌లోనే. ఇనుప బకెట్ అయితే తెల్లారేసరికి దాని లోపలి గోడకు ఎర్రటి రాగి పొర పట్టేసి, నీలపు నీళ్ళు వెలిసిపోతాయి. రాగి అంతా ఆ బకెట్‌కు పోయింది, కాయలకు కాదు. తీశాక మూడు నాలుగు రోజులు ఎర్రటి ఎండలో ఆరబెట్టండి. సరిగా ఆరిన కాయల పొలుసుల మధ్య నీలి పలుకులు కనిపిస్తాయి. తడి ఉంటే మంటలో చిటపటలాడి రవ్వలు ఎగరేస్తాయి.

వర్ణపటం

ఎరుపుకు స్ట్రాన్షియం క్లోరైడ్ లేదా లిథియం క్లోరైడ్. స్ట్రాన్షియం సిందూరం రంగు, లిథియం గులాబీ కలిసిన ఎరుపు. నారింజకు కాల్షియం క్లోరైడ్. ఊదా కోసం పొటాషియం ఒక్కటీ వేస్తే మీకు నిరాశే. దాని ప్రధాన కిరణం 766 నానోమీటర్ల దగ్గర, కన్ను చూడగలిగే అంచున ఉంటుంది. స్పిరిట్ దీపం మీద కనిపించినంత కట్టెల మంటలో కనిపించదు.

రంగులన్నీ ఒకే పొట్లంలో కలపొద్దు. ఇంద్రధనుస్సు రాదు, పాలిపోయిన తెలుపు వస్తుంది. గుంటలో ఒక వైపు రాగి, ఎదురువైపు స్ట్రాన్షియం పెడితే రెండు రంగులూ విడివిడిగా తెలుస్తాయి.

ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాల్లో కొన్ని పట్టించుకోకండి. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేస్తే తెల్లమంట అంటారు. మెగ్నీషియం లోహం తెల్లగా మండుతుంది, దాని సల్ఫేట్ మంటకు రంగేమీ ఇవ్వదు. పటికతో ఆకుపచ్చ అన్నదీ అంతే. వెలిగారంలో బోరాన్ ఉన్నా సోడియం కూడా ఉంది, ఆకుపచ్చ అంచున్న పసుపు మాత్రమే దక్కుతుంది. బోరిక్ యాసిడ్ నిజంగానే ఆకుపచ్చ ఇస్తుంది. కానీ కట్టెకు మంట అంటకుండా చేసే మందు కూడా అదే, కాబట్టి ఎక్కువ పోస్తే నెగడే మందగిస్తుంది. ఒకచోట రెండు చెంచాలు దాటొద్దు.

నిప్పుల_కాపలా

పిల్లలుంటారన్నారు కాబట్టి ఇది పూర్తిగా చదవండి.

రంగు వేసిన నిప్పు మీద పొత్తులు, చికెన్, చిలగడదుంపలు ఏవీ కాల్చకూడదు. రాగి లవణాలు పొగతో, బూడిదతో తిండి మీదికి చేరతాయి. వంట ముగించుకుని తర్వాత రంగు వేయడం కూడా సగం జాగ్రత్తే, ఎందుకంటే మర్నాడు పొద్దున ఎవరో ఒకరు అదే గుంటలో టీ పెడతారు. వంటకు వేరే పొయ్యి పెట్టుకోండి. భోగి మంటకు ఈ పొడులు వేద్దామనుకునేవాళ్ళకూ ఇదే మాట. ఆ మంట మీద నీళ్ళు కాచుకుని స్నానం చేసే ఇళ్ళున్నాయి, దాంట్లో వేయకండి.

మైలుతుత్తం వేడికి విడిపోయినప్పుడు గంధకపు ఘాటు వస్తుంది, క్లోరైడ్‌లతో ఇంకో రకం ఘాటు. గాలి ఎటునుంచి వస్తోందో జనాన్ని ఆ వైపు కూర్చోబెట్టండి, పొగ వాళ్ళకు ఎదురు రాకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు దూరంగా ఉంటే మేలు. గుడారంలో, వరండాలో, ఇంటి లోపలి పొయ్యిలో అసలే వద్దు.

సూరేకారం, క్లోరేట్‌లు, ఏ నైట్రేటూ దగ్గరికి రానివ్వకండి. స్ట్రాన్షియం కొనేటప్పుడు సీసా మీద క్లోరైడ్ అని ఉందో, నైట్రేట్ అని ఉందో చూసుకోండి. నైట్రేట్ అయితే మంటకు ఆక్సిజన్ అందించి భగ్గుమనిపిస్తుంది. బేరియం ఇచ్చే ఆకుపచ్చ బాగుంటుంది కానీ అది విషం. బాణసంచాలోనే బేరియం లవణాలు వాడొద్దని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మైలుతుత్తంతోపాటు పీవీసీ పైపు ముక్కలు వేస్తే నీలం వస్తుందని చెప్పేవాళ్ళున్నారు. వస్తుంది, దానితోపాటు హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి, డయాక్సిన్లనే విషాలూ వస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం, రంగు పెరగాలని స్పిరిట్, మెథనాల్, శానిటైజర్ పోయొద్దు. మండుతున్న చోట సీసా వంచితే మంట సీసాలోకి ఎగబాకి, ఎదుటివాళ్ళ మీదికి చిమ్ముతుంది. తరగతి గదుల్లో మెథనాల్‌తో చేసే రంగుమంటల ప్రయోగంలో ఇలాగే పిల్లలు కాలారు. అమెరికన్ కెమికల్ సొసైటీ 2014లో ఆ ప్రయోగాన్నే మానేయమంది.

పొట్లాలు వేసే మనిషి ఒక్కరే ఉండాలి, పెద్దవాళ్ళై ఉండాలి. పొట్లాల డబ్బా పిల్లలకు అందకూడదు. నీలి పలుకులు చూస్తే పటికబెల్లంలా నోట్లో వేసుకోబుద్ధవుతుంది.

అరకు_గుడారం

అందరికీ ధన్యవాదాలండీ. వంటకు వేరే పొయ్యి ఖాయం. రెండు చిన్న సందేహాలు. మిగిలిన బూడిద కాఫీ తోటలో చల్లొచ్చా? ఫోన్‌లో తీస్తే ఈ రంగులు పడతాయా?

తుత్తం_పొటాష్

బూడిద చల్లొద్దు. తోటల్లో తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమంలో మైలుతుత్తాన్ని సున్నంతో కలిపి, లీటరుకు పది గ్రాముల లెక్కన ఆకుల మీద కొడతారు. ఇక్కడ రాగి అంతా ఒక్కచోట కుప్పపడి ఉంటుంది, వేర్లకు చేటు. వాగులో, చెరువులో పడితే చేపలు చస్తాయి. ఆర్పడానికి నీళ్ళు గుమ్మరిస్తే ఆ రాగి నీళ్ళతోపాటు పారుతుంది. నిప్పుల్ని మట్టితో కప్పి, మర్నాడు పూర్తిగా చల్లారాక గోనెసంచిలో ఎత్తి చెత్త బండికి ఇచ్చేయండి.

వర్ణపటం

ఫోన్ దానంతటది చీకటిని వెలిగించాలని చూస్తుంది, దాంతో నీలం కాస్తా తెల్లటి మచ్చ అయిపోతుంది. మంట మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురును (ఎక్స్‌పోజర్) ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు, అంటే -1.5 నుంచి -2 దాకా తగ్గించండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా డేలైట్‌లో పెట్టండి. నైట్ మోడ్ ఆపేయండి. దగ్గర్లో గుడారం బల్బు వెలుగుతుంటే దాన్నీ ఆర్పండి.